స్వల్ప వ్యయముతో వైద్య సమాచార వ్యవస్థల పరీక్ష

నేడు అనేక ఆసుపత్రులలో రోగి వివరములు, మందుల చీటీలు, రక్తపరీక్షల ఫలితములు కంప్యూటరులో నమోదగుచున్నవి. యంత్రము చక్కగా నడచినంత మాత్రమున చాలదు. దానిని వాడు వైద్యుడు, నర్సు పొరబడకుండుట ముఖ్యము. అమెరికాలోని ఒక బోధనాసుపత్రిని పరిశీలించిన రాస్ కోపెల్ బృందము, కంప్యూటరు ద్వారా మందులు సూచించు విధానము 22 రకముల ఔషధ దోషములకు తావిచ్చుచున్నదని 2005లో ప్రకటించినది. మందుల కొట్టులో నిలువయున్న మాత్రల పరిమాణమును తెరపై చూచి, అదే రోగికి ఈయవలసిన మోతాదని భ్రమించుట వానిలో ఒకటి.

ఇట్టి లోపములను ముందే కనుగొనుటకు ఖరీదైన ప్రయోగశాల అవసరము లేదు. యాకోబ్ నీల్సన్ 1989లోనే తక్కువ ఖర్చు పద్ధతులను ప్రతిపాదించెను. కెనడాకు చెందిన ఆండ్రే కుష్నిరుక్, ఎలిజబెత్ బోరికి 2006లో వానిని వైద్యరంగమునకు అన్వయించి వివరించిరి.

పద్ధతి సులభము:

1. వ్యవస్థను నిజముగా వాడబోవువారినే పిలువవలెను.
2. కల్పిత రోగి వివరములనిచ్చి, నిత్యము చేయు పనినే చేయింపవలెను.
3. మనసులో తోచినదెల్ల పైకి చెప్పుచు పని చేయుమని కోరవలెను.
4. తెరను, మాటలను రికార్డు చేయవలెను; తడబడినను సాయపడరాదు.
5. లోపములను ప్రమాద తీవ్రతను బట్టి వరుసపెట్టి, సరిదిద్ది, మరల పరీక్షింపవలెను.

వ్యవస్థ తయారు కాకముందు కాగితముపై గీసిన తెరలతోనైనను ఈ పరీక్ష జరుపవచ్చును.

ఎందరు కావలెను? నీల్సన్, లాండవర్ 1993లో చూపిన సగటు ప్రకారము, ఒక్కరితో 31 శాతము లోపములు బయటపడును. 69 శాతము మిగులును. 0.69ను ఐదు మారులు గుణించిన 0.156 వచ్చును. అనగా ఐదుగురితో సుమారు 84 శాతము తెలియును.

అయితే ఇది సగటు మాత్రమే. అరుదైనదే అయినను ప్రాణాంతకమగు లోపము మిగిలిన 16 శాతములో దాగియుండవచ్చును. వైద్యునికి సుబోధమైన తెర నర్సునకు దుర్బోధము కావచ్చును. ఆంగ్లము ధారాళముగా చదువువారికి తట్టని చిక్కు తెలుగు, ఉర్దూ మాధ్యమములలో చదివినవారికి తట్టవచ్చును. కావున ఒక్కొక్క వర్గమును వేరువేరుగా పరీక్షించుట యుక్తము.

పొరపాటు జరిగినపుడు నర్సును నిందించుట తేలిక. ఆ పొరపాటునకు దారితీసిన తెరను ముందే పరీక్షించియుండినచో రోగికి హాని, ఆమెకు నింద రెండును తప్పియుండును. కంప్యూటరు విద్య నభ్యసించు మనము ఈ బాధ్యతను మరువరాదు.