ఋతువుతో వచ్చు పడిశము, విడువని పీనసము

“పడిశము పదిరోగముల పెట్టు” అని మన పెద్దలు చెప్పుదురు. ఆ సామెతను తరగతిలో ఎన్నియో మారులు చెప్పిన నేను దాని యర్థమును చాల ఆలస్యముగా గ్రహించితిని. మా పాఠశాలలో ఒక బాలుడు ప్రతియేటను వానలు పడిన పిమ్మట తుమ్ములతో బాధపడుచుండెడివాడు. ఒక సంవత్సరము ఆ బాధ దీపావళి దాటినను, సంక్రాంతి దాటినను పోలేదు. నోరు తెఱచికొని కూర్చుండును, పిలిచిన పలుకడు. అశ్రద్ధ యని పలుమారులు మందలించితిని. ముక్కు మూసికొనిపోయి వానికి రాత్రులు నిద్రయే లేదని వైద్యుడు చెప్పిన తరువాత తెలిసినది. ఆ తప్పు నాదే. తలిదండ్రులకు ఈ నాలుగు మాటలు వ్రాయుటకు అదియే కారణము.

ముక్కు చుట్టునుగల యెముకలలో గాలితో నిండిన గూళ్ళు నాలుగు జతలు కలవు. వీనినే సైనసులందురు. వీని లోపలి పొర పలుచని జిగురును స్రవించుచుండును. కంటికి కనబడని నూగు దానిని ముక్కులోనికి త్రోయుచుండును. చిత్రమేమనగా, చెక్కిలి వెనుకనున్న పెద్దగూటికి ద్వారము అడుగున లేదు, పైభాగమున నున్నది. చెరువునకు తూము అడుగున గాక కట్టపైన పెట్టినట్లన్నమాట! జిగురు తనంత దిగిపోదు. ఆ నూగే పైకి మోయవలెను.

ఇక పుప్పొడి సంగతి. గడ్డిపుప్పొడి వలన ఈ తుమ్ములు కలుగునని ఇంగ్లండు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ తనమీదనే ప్రయోగములు చేసికొని 1873లో ప్రకటించెను. మన బెంగుళూరు ప్రాంతమున ముఖ్యమైన దోషి వయ్యారిభామ. కన్నడిగులు కాంగ్రెసు గిడ మందురు. 1950ల నడుమ పూణెలో గుర్తింపబడిన ఈ అమెరికాఖండపు కలుపు దేశమంతట వ్యాపించినది. పేరు సొగసే గాని పని కాదు. దాని పుప్పొడిని కొందఱి శరీరము శత్రువుగా భావించి హిస్టమిను అను పదార్థమును విడుచును. ముక్కుపొర వాచును, సైనసు ద్వారము ఇఱుకగును, జిగురు లోపల నిలిచిపోవును. ఇట్లు పండ్రెండు వారములు మించి సాగిన వాపును దీర్ఘకాలిక సైనసు వ్యాధి యందురు. మనవారి పీనసము ఇట్టిదే.

అయితే తుమ్మిన ప్రతివానికిని పీనసము రాదు. పీనసమునకు అలర్జీ యొక్కటియే కారణమును కాదు. పిల్లలలో ముక్కు వెనుకనుండు ఎడినాయిడ్లు పెరిగినను ముక్కు బిగియును. ఒక్క రంధ్రమునుండియే దుర్వాసనతో చీమిడి కారినచో, బలపపు ముక్కయో పూసయో లోన చిక్కినదేమో చూపింపవలెను.

దురద, తుమ్ములు, నీళ్ళవంటి చీమిడి, కండ్ల ఎఱుపు అలర్జీ గుఱుతులు. చిక్కని చీమిడి, ముఖమున బరువు, వాసన తెలియకుండుట, రాత్రి దగ్గు వారములతరబడి యున్నచో సైనసులను శంకింపవలెను. కంటిచుట్టు వాపు, తీవ్రమైన తలనొప్పితో జ్వరము వచ్చినచో ఆ దినమే వైద్యునికడకు పోవలెను. ఇంట మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు వేయకుడు; అలర్జీ వాపునకు అవి పనిచేయవు. ముక్కు బిగింపు తగ్గించు చుక్కలను దినములతరబడి వాడినచో బిగింపు మఱింత పెరుగును. కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుగుట, వైద్యుడు వ్రాసిన మందును విడువక వాడుట మేలు.

ఈ యేడు ఆవరణలోని వయ్యారిభామను పూయకమునుపే కూలీలచే తొడుగులతో పీకించితిమి. తాకిన కొందఱికి దద్దురులు లేచును గనుక పిల్లలను దగ్గఱకు రానీయలేదు. మీ బిడ్డకు తుమ్ములు ఏ నెలలో మొదలైనవో, ఎన్ని వారములున్నవో చీటి వ్రాసి తరగతి యుపాధ్యాయునికి పంపుడు.