ట్రిమ్ జోలికి ఇప్పుడే పోకు

ఏ.ఎస్. రావు నగర్,
సికింద్రాబాద్.

చిన్నా,

నీ రిమోట్ కారు ఎడమకు లాగుతోందనీ, రిమోట్ మీద ట్రిమ్ కుడికి తిప్పితే తిన్నగా పోతోందనీ, కానీ మలుపుల్లో ఒక పక్కకు ఎక్కువ, ఇంకో పక్కకు తక్కువ తిరుగుతోందనీ ఫోన్‌లో చెప్పావు. ట్రిమ్ ఉన్నది అన్నీ సరిచేశాక మిగిలిన వెంట్రుకవాసి తేడా కోసం. వంకరను దాచడానికి వాడితే ఆ వంకర మలుపులో బయటపడుతుంది. నీకు జరిగిందదే.

ముందు కారు ఆఫ్ చేసి, ముందు చక్రాలు పట్టుకుని అటూ ఇటూ ఆడించు. టకటకమంటే బాల్ జాయింట్లలో ప్లే వచ్చినట్టు. అది ఉన్నంతసేపూ ఏ సెట్టింగూ నిలవదు. తర్వాత షాక్ అబ్జార్బర్ కింది స్క్రూ విప్పి సస్పెన్షన్ ఆర్మ్‌ను పైకెత్తి వదులు. తన బరువుకు తానే కిందికి జారాలి. పట్టేస్తే మట్టి చేరిందో, ఆర్మ్ తిరిగే పిన్ను వంగిందో చూసుకో. సెలవుల్లో మన వీధి స్పీడ్ బ్రేకర్ మీంచి నువ్వు దూకించిన తీరుకు పిన్ను వంగకపోతేనే ఆశ్చర్యం!

ఇక ముందు చక్రాలను తిప్పే మోటారు పెట్టె, సర్వో. ట్రిమ్ సున్నాకు తెచ్చి ముందు రిమోట్, తర్వాత కారు ఆన్ చెయ్యి. సర్వో మధ్యకు వచ్చి ఆగుతుంది. అప్పుడు సర్వో ఇరుసుకు తొడిగిన చిన్న చెయ్యి, అదే హార్న్, ఊడదీసి, నిటారుగా ఉండేట్టు మళ్లీ తొడుగు. ఆ ఇరుసుకు సాధారణంగా 25 పళ్లుంటాయి. ఒక్క పన్ను జరిపితే 14.4 డిగ్రీలు మారిపోతుంది కాబట్టి సరిగ్గా నిటారుగా రాకపోవచ్చు. మిగిలిన ఆ కాస్తకూ రిమోట్‌లో సబ్‌ట్రిమ్ ఉంటే వాడు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు సర్వో జీమని మూలిగితే చక్రం వెళ్లగలిగినంత దూరం దాటి నెడుతోందన్నమాట. రిమోట్‌లో సర్వో తిరిగే హద్దును, అంటే ఎండ్ పాయింట్‌ను, తగ్గించు, లేకపోతే సర్వో కాలిపోతుంది.

సర్వో చేసేది ఒకటే పని: రమ్మన్న చోటుకీ తానున్న చోటుకీ తేడా కొలుచుకుంటూ, అది సున్నా అయ్యేదాకా మోటారు తిప్పడం. పెద్ద యంత్రాలదీ ఇదే దారి. మన కాలనీకి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు గారు నిలబెట్టిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1967లో మొదలైంది. చంద్రయాన్ కోసం బెంగళూరు దగ్గర బ్యాలాళులో ఆ సంస్థ కట్టిన 32 మీటర్ల డిష్ ఆకాశంలో చోటు వెతుక్కునేదీ ఈ పద్ధతిలోనే. నీ సర్వో అగ్గిపెట్టెంత, అంతే తేడా.

హార్న్ కుదిరాక లింకుల పొడవు చూడు, చక్రాల కోణాలు మారేది వాటితోనే. కారును పైనుంచి చూస్తే వెనక చక్రాలు, కాలి బొటనవేళ్లు లోపలికి తిప్పి నిలబడినట్టు, రెండు మూడు డిగ్రీలు ముందువైపు లోపలికి ఉండాలి. తోక జారకుండా కాచేది అదే. ముందు చక్రాలు సున్నా నుంచి ఒక డిగ్రీ బయటికి ఉంటే మలుపు చురుగ్గా అందుకుంటుంది. ముందు నుంచి చూస్తే చక్రాల పైభాగం ఒకటి రెండు డిగ్రీలు లోపలికి వాలాలి. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కన్నా ఎక్కువ తిరగాలన్న సంగతి గుర్రబ్బగ్గీల కాలం నాటిదే. 1818లో ఇంగ్లండులో ఆకర్‌మన్ పేరిట దానికి పేటెంటు ఇచ్చారు. నీ కారులో ఆ కోణం కంపెనీ వాళ్లే పెట్టి ఇస్తారు, నువ్వు ముట్టుకోకు.

స్ప్రింగుల పని ఓపికగా చెయ్యి. బ్యాటరీ పెట్టి, కారును నేలకు నొక్కి వదిలి, కుడి ఎడమల ఎత్తు స్కేలుతో కొలువు. తేడా ఉంటే షాక్ మీది కాలర్ తిప్పి సరిచెయ్యి. మలుపులో ముక్కు తిరగకపోతే ముందు స్ప్రింగులు మెత్తనివి వెయ్యి. తోక జారితే వెనకవి. బోల్తా కొడుతుంటే ఎత్తు తగ్గించు. మే నెల ఎండల్లో షాక్‌లోని సిలికాన్ ఆయిల్ పల్చబడి కారు ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు ఒక నంబరు చిక్కనిది పోస్తే చాలు. ఇంటర్నెట్‌లో ఎవరో చాంపియన్ పెట్టుకున్న సెట్టింగు మాత్రం కాపీ కొట్టకు. అతనిది కార్పెట్ ట్రాకు, నీది కంకర తేలిన రోడ్డు.

ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చింది నోటు బుక్కులో రాసుకో. దసరాకు వచ్చేటప్పుడు కారుతో పాటు ఆ పుస్తకమూ తీసుకురా.

నీ తాతయ్య