ఒక్క ప్రోగ్రామ్‌కే అనుమతి అడగకుండా చేయొచ్చా?

ప్రశ్న: మా కొట్టులో లెక్కల సాఫ్ట్‌వేర్ తెరిచిన ప్రతిసారీ విండోస్ ‘యెస్, నో’ అని అడుగుతోంది. ఆ ఒక్కదానికే ఆపొచ్చా?

జవాబు: ‘దీన్ని ఇకపై అడగొద్దు’ అని చెప్పే సదుపాయం విండోస్‌లో నేరుగా లేదు. 2007లో విస్టాతో ఈ ప్రశ్న మొదలైనప్పటి నుంచీ అంతే.

ముందు సాఫ్ట్‌వేర్ ఐకాన్‌పై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ చూడండి. ‘రన్ దిస్ ప్రోగ్రామ్ యాజ్ యాన్ అడ్మినిస్ట్రేటర్’ దగ్గర టిక్ ఉంటే తీసేయండి. కొన్నిసార్లు ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన టిక్కే కారణం. టిక్ లేకపోయినా అడుగుతోందంటే, సాధారణంగా అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలని ప్రోగ్రామ్‌లోనే రాసి ఉంటుంది. కొత్త వెర్షన్ ఉందేమో కంపెనీవాళ్లను అడగండి.

అదీ కుదరకపోతే టాస్క్ షెడ్యూలర్ ఉంది. అందులో క్రియేట్ టాస్క్ నొక్కి, ‘రన్ విత్ హయ్యెస్ట్ ప్రివిలేజెస్’కు టిక్ పెట్టి, యాక్షన్స్‌లో మీ ప్రోగ్రామ్‌ను చూపండి. ఆ టాస్క్‌ను నడిపే షార్ట్‌కట్ డెస్క్‌టాప్‌పై పెట్టుకుంటే ఇక ప్రశ్న రాదు. అయితే ఇది అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో ఉన్నప్పుడే పనిచేస్తుంది.

ఒక షరతు. ప్రోగ్రామ్ ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ ఫోల్డర్‌లోనే ఉండాలి. డి డ్రైవ్‌లో ఎక్కడో ఉంటే, వైరస్ దాని స్థానంలో మరో ఫైలు పెట్టి అడ్మినిస్ట్రేటర్ హక్కులు చేజిక్కించుకోగలదు.

విసుగొచ్చి, ఈ ప్రశ్న అడిగే యూజర్ అకౌంట్ కంట్రోల్ స్లైడర్‌ను అట్టడుగున ‘నెవర్ నోటిఫై’కి మాత్రం దించకండి. అది అన్ని ప్రోగ్రాములకూ తలుపు తీసినట్టే.