బ్యాండుసా యంత్రము: నిలుపుట, సవరించుట, అపాయము లేకుండ నడుపుట



మన డెల్టాలో గాలివాన వెలిసిన పిమ్మట గట్టుల మీది చెట్లు చేలలో పడియుండుట క్రొత్త కాదు. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెనను రేపల్లె, బాపట్ల ప్రాంతముల పెద్దలు నేటికిని మఱువలేదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గఱనే తీరము దాటినది. అట్లు కూలిన తుమ్మను, వేపను, దిరిసెనను వంటచెఱకు క్రింద అమ్మివేయుట కంటె, కోయించి తలుపు చట్రములకును, పశువుల పాకలకును, పనిముట్ల పిడులకును వాడుకొనుట లాభకరము. అందులకై సభ్యులు కొందఱు కలిసి చిన్న బ్యాండుసా యొకటి పెట్టుకొనవచ్చునా యని తెనాలి మొదలు రేపల్లె వఱకు పలువురు మమ్ము అడుగుచున్నారు. పెట్టుకొనవచ్చును. కాని యంత్రమును కొనుట ఒక దినపు పని. దానిని అపాయము లేకుండ నడుపుట ప్రతి దినపు పని. ఈ పాఠము ఆ రెండవ పనిని గూర్చినది.

మేము చూచిన సంగతి

ముందుగా మేము కన్నులార చూచిన సంగతి యొకటి చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట రేపల్లె వైపున ఒక చిన్న కార్ఖానాలో కోత జరుగుచుండగా కరెంటు పోయినది. క్రింది చక్రమునకును రంపపు పట్టీకిని నడుమ బెరడు ముక్క ఇరుకుకొని యుండెను. పనివాడు అనుభవము గలవాడే. మెయిను స్విచ్చి కట్టకయే క్రింది మూత తెఱచి, ఆ బెరడును వ్రేళ్లతో లాగుచుండెను. ఆ మోటారునకు, మనము పొలములోని మోటార్లకు పెట్టుకొనునట్టి ఆటో స్టార్టరు పెట్టియుండిరి. కరెంటు తిరిగి వచ్చినది. మేము గుమ్మము కడ నిలిచియుంటిమి. కేక వేయుటకైనను వ్యవధి లేకపోయెను. అతని కుడిచేతి వ్రేళ్లు రెండు పోయినవి.

ఆ ఆటో స్టార్టరును మేము ఆ యుదయమే చూచితిమి. పొలములో అలవాటు పడిన వస్తువు గావున మాకు అనుమానము కలుగలేదు, మేమేమియు అనలేదు. ఆ తప్పులో మాకును పాలు గలదు. కరెంటు పోయిన రంపము ఆగిన రంపము కాదు. ఈ పాఠమంతయు మఱచినను ఈ యొక్క మాట మఱువవలదు.

యంత్రము స్వరూపము

బ్యాండుసా యనగా మొదలు తుద లేని ఉక్కు పట్టీకి ఒక అంచున పండ్లు కోసిన రంపము. ఇది మీదొకటి క్రిందొకటిగా నున్న రెండు చక్రములపై త్రిప్పుడు పడును. క్రింది చక్రమును మోటారు త్రిప్పును. పై చక్రము పట్టీని బిగించి దారి తప్పకుండ నుంచును. నడుమ నున్న బల్లపై కలపను ఉంచి పట్టీకి ఎదురుగా త్రోయుదుము.

ఇంగ్లండులో విలియం న్యూబెరీ 1808లోనే దీనికి పేటెంటు పొందెను. అయినను పట్టీ అతుకు నిలువక తెగిపోవుచుండుటచే చాలకాలము అది వాడుకకు రాలేదు. 1846లో ఫ్రాన్సు దేశస్థురాలు ఆన్ పోలిన్ క్రెపిన్ పట్టీ కొనలను అతికెడు పద్ధతికి పేటెంటు పొందిన తరువాతనే యంత్రము నిలదొక్కుకొన్నది. అతుకే పట్టీకి ప్రాణము. కావున పట్టీ ఎక్కించునపుడెల్ల అతుకును వెలుతురులో పరీక్షింపవలెను.

నిలుపుట

బయానా ఇచ్చుటకు ముందే అనుమతుల సంగతి విచారించుకొనవలెను. కోతమిల్లు పెట్టుటకు అటవీ శాఖవారి అనుమతి వలయును. చెట్లు నరకుటను గూర్చి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టపు నిబంధనలును గలవు.

యంత్రమును మట్టినేలపై నిలుపరాదు. సిమెంటు దిమ్మె కట్టి, రసమట్టముతో చూచి, బోల్టులతో బిగింపవలెను. నాలుగు వైపుల పొడవు కలప తిరుగుటకు చాలినంత చోటు విడువవలెను. మోటారునకు ఎర్తు తీగ తప్పక యుండవలెను. తరువాత తిన్నని బద్ద నొకదానిని రెండు చక్రముల అంచులకు ఆనించి చూడవలెను. బద్ద రెండింటికిని సమముగా ఆనినచో చక్రములు ఒకే వరుసలో నున్నవి. లేనిచో ఎంత సవరించినను పట్టీ జారుచునే యుండును.

పట్టీ ఎక్కింపక మునుపే మోటారును ఒక్క క్షణము త్రిప్పి, తిరుగు దిక్కు చూడవలెను. ఫేజులు తారుమారైనచో పొలములో మోటారు వెనుకకు తిరిగి నీరు సరిగా రాకపోవుట మన మెఱిగినదే. ఇక్కడ అదే జరిగినచో పట్టీ పైకి పరువెత్తి కలపను బల్లమీదినుండి ఎగురవేయును. ట్రాన్సుఫార్మరు మార్చినపుడును, తీగలు విప్పి కలిపినపుడును ఈ పరీక్ష మరల చేయవలెను.

కలప కోతకు పట్టీ నిమిషమునకు సుమారు 3,000 అడుగులు నడచుట సాధారణ ప్రమాణము. లెక్క సులభము. చక్రము అడ్డుకొలత 21 అంగుళములైనచో చుట్టుకొలత 66 అంగుళములు, అనగా 5½ అడుగులు. అది నిమిషమునకు 550 చుట్లు తిరిగిన, పట్టీ 3,025 అడుగులు నడచును. యంత్రమును చేసినవారు పలకపై వేఱు అంకె వ్రాసియున్నచో దానినే పాటింపవలెను.

పట్టీని ఎన్నుకొనుట, ఎక్కించుట

వంపులు కోయుటకు సన్నని పట్టీ, తిన్నని కోతకు వెడల్పు పట్టీ కావలయును. పావు అంగుళపు పట్టీ సుమారు 5/8 అంగుళము వ్యాసార్ధము గల వంపును తిరుగగలదు. అర అంగుళపు పట్టీ 2½ అంగుళముల వ్యాసార్ధమునకు తక్కువైన వంపును తిరుగలేదు. బలిమిని త్రిప్పినచో తెగును. కలప మందములో ఎల్లప్పుడును మూడు పండ్లకు తక్కువ కాకుండ నుండవలెను. మందపు కలపకు అంగుళమునకు మూడు నాలుగు పండ్లు గల పట్టీ మేలు. పండ్లు దగ్గఱగా నున్నచో పొట్టు బయటికి పోక పట్టీ వేడెక్కును.

మెయిను స్విచ్చి కట్టి, ఫ్యూజులు తీసి, దగ్గఱ నుంచుకొని పని మొదలు పెట్టవలెను. చుట్టగా నున్న పట్టీ విప్పగానే పాము పడగ విప్పినట్లు విచ్చుకొనును. చేతులకు తోలు తొడుగులు, కన్నులకు అద్దములు ధరించి, ఇతరులను దూరముగా నిలిపి విప్పవలెను. చక్రములపై వేసిన తరువాత బల్లకడ పండ్లు కోయువాని వైపు నుండి, మొనలు క్రిందికి చూచుచుండవలెను. మొనలు పైకి చూచినచో పట్టీని తీసి, లోపలి ముఖము వెలుపలికి వచ్చునట్లు త్రిప్పి వేయవలెను.

సవరింపులు వరుసగా

ఈ వరుసను తప్పరాదు. ముందుదానిని విడిచి వెనుకదానిని చేసిన, మరల మొదటికి రావలసివచ్చును.

మొదటిది బిగువు. గైడులను పట్టీకి దూరముగా జరిపి, పై చక్రపు మరను త్రిప్పి పట్టీని బిగింపవలెను. చిన్న యంత్రములో పై గైడును బల్లకు ఆరు అంగుళముల ఎత్తున ఉంచి, పట్టీ నడుమ ప్రక్కనుండి వ్రేలితో మితముగా నొక్కిన, సుమారు పావు అంగుళము కదలవలెను. అంతకు మించి కదలిన వదులు. కదలనే కదలనిచో అతిబిగువు. యంత్రముపై బిగువు గుర్తు ఉన్నచో అదియే ప్రమాణము.

రెండవది దారి. చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుచు, పై చక్రపు వాలు మరను కొద్దికొద్దిగా సవరించి, పట్టీ రబ్బరు టైరు నడిమి ఉబ్బుపై స్థిరముగా నడచునట్లు చేయవలెను. దుంగలు కోయు పెద్ద మిల్లుల వెడల్పు పట్టీలకు వేఱు పద్ధతి గలదు. ఇచ్చట చెప్పినది చిన్న కార్ఖానా యంత్రమునకు మాత్రమే.

మూడవది గైడులు. ప్రక్క గైడులకును పట్టీకిని నడుమ కాగితపు మందము సందు చాలును. గైడు ముందరి అంచు పండ్ల గాళ్లకు కొంచెము వెనుక నుండవలెను. పండ్లను తాకినచో వాటి పదును ఒక్క నిమిషములో పోవును. వీపున నుండు బేరింగు, యంత్రము ఊరక తిరుగునపుడు పట్టీని తాకరాదు. కలప త్రోసినపుడు మాత్రమే ఆనవలెను. అచ్చట దళసరి అట్ట మందము సందు ఉంచవలెను.

నాలుగవది బల్ల. మూలమట్టముతో పట్టీకిని బల్లకును సరియైన మూల యున్నదో లేదో చూచి బిగింపవలెను.

పిదప అన్ని మూతలు వేసి, ప్రక్కకు నిలిచి, యంత్రమును ఒక నిమిషము ఊరక నడుపవలెను. చుట్టు చుట్టుకు టక్కుమని చప్పుడైనచో పట్టీలో బీటయో, వంకరయో, అతుకులో బొడిపెయో గలదని యెఱిగి వెంటనే ఆపవలెను. కోత ఒక ప్రక్కకు ఒరిగినచో ఆ వైపు పండ్ల పదునును, వంపును, బిగువును చూడవలెను. మాడు వాసన వచ్చినచో పట్టీ మొద్దువారినదని అర్థము. మొద్దు పట్టీ మనుష్యుని బలముగా త్రోయించును. బలముగా త్రోయు చేయియే జారును.

కోత

కఱ్ఱలో ఇనుమున్నదేమో ముందుగా చూడవలెను. గట్టుమీది చెట్టునకు కంచె తీగ చుట్టియుందురు. పాక దగ్గఱి చెట్టునకు మేకులు కొట్టియుందురు. ఏండ్లు గడచిన కొలది చెట్టు వాటిని మ్రింగివేయును. తోళ్లు పదును చేయుటకు పనికివచ్చు వగరు తుమ్మలో గలదు గదా. ఆ వగరు ఇనుమును తాకిన చోట కఱ్ఱలో నీలి నలుపు మచ్చ కట్టును. అట్టి మచ్చ కనబడిన, ఉలితో తవ్వి చూడక కోయరాదు.

గుండ్రని కఱ్ఱను ఊరక బల్లపై పెట్టి కోయరాదు. పట్టీ తాకగానే అది దొర్లి చేతిని లోనికి లాగును. బాడిసతో ఒక ప్రక్క చదును చేసియో, గాడి కోసిన దిమ్మెలో బిగించియో కోయవలెను. పై గైడును కలపకు పావు అంగుళము ఎత్తున నుండునట్లు దింపవలెను. అంతకు మించి కనబడు పండ్లన్నియు వ్రేళ్ల కొఱకు కాచుకొని యున్న పండ్లే.

మేము చదివిన మిషను పాఠశాలలో వడ్రంగము నేర్పిన అయ్యవారు, చేతికిని రంపమునకును నడుమ ఎప్పుడును కఱ్ఱ యుండవలెనని చెప్పెడివారు. అందుచే చేయి పట్టీకి బెత్తెడు కంటె దగ్గఱకు పోరాదు. చివరి భాగమును త్రోపుడు కఱ్ఱతోనే త్రోయవలెను. పట్టీకి ఎదుటి వరుసలో చేయి పెట్టరాదు. కోత నడుమ కలపను వెనుకకు లాగినచో పట్టీ చక్రములనుండి ఊడివచ్చును. యంత్రమును ఆపి, చక్రములు నిలిచిన పిమ్మట తీయవలెను. లోతైన వంపులకు ముందుగా ప్రక్కనుండి చిన్న కోతలు కోసి ఉంచినచో ఈ చిక్కు రాదు.

కండువా, వ్రేలాడు పంచె కొంగు, ఉంగరము, చేతి గడియారము, మెడలోని గొలుసు యంత్రము దగ్గఱకు రాకూడదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము నడచుచున్న యంత్రభాగములను పరీక్షించు పనివానికి ఒంటికి హత్తుకొను దుస్తులు యజమానియే ఈయవలెనని విధించినది. పట్టీ ఎక్కించునపుడు వలసిన చేతి తొడుగులను కోయునపుడు తీసివేయవలెను. అవి పండ్లకు చిక్కి చేతిని లాగును. ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. పొట్టును చేతితో గాక బ్రష్షుతో, యంత్రము ఆగిన తరువాతనే తుడువవలెను.

కరెంటు పోయినప్పుడు

బ్యాండుసాకు ఆటో స్టార్టరు ఎన్నడును పెట్టరాదు. కరెంటు పోయి వచ్చినపుడు, మనిషి మరల మీట నొక్కిననే గాని తిరుగని స్టార్టరును పెట్టవలెను. అది యున్నను, కరెంటు పోగానే మెయిను కట్టి, ఫ్యూజులు తీసి, కోయువాడు తన జేబులో వేసికొనవలెను. అప్పుడు గాని మూత తెఱువరాదు. స్విచ్చి కట్టిన తరువాతను బరువు చక్రములు కొంతసేపు తిరుగుచునే యుండునని మఱువరాదు.

దైవవశమున చేయి తెగినచో, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి చేతిని ఎత్తి యుంచి, 108కు ఫోను చేయవలెను. తెగిన వ్రేలిని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, సంచిలో మూసి, ఆ సంచిని మంచుగడ్డలపై ఉంచి రోగితోనే పంపవలెను. వ్రేలిని మంచులో నేరుగా పెట్టరాదు.

సంఘముల కర్తవ్యము

యంత్రము పదిమందిదైనను చేయి ఒక్కనిదే. కావున నేర్చిన ఇద్దఱికి తప్ప ఇతరులకు తాళము ఈయరాదు. పిల్లలను, త్రాగినవారిని గుమ్మము దాటనీయరాదు. సాయంకాలము పని ముగియగానే పట్టీ బిగువును సడలించి, సడలించినట్లు చీటీ కట్టి పోవలెను; మఱునాడు మొదట వచ్చినవాడు బిగింపక నడుపకుండుటకు ఆ చీటీయే సాక్షి. ఈ పాఠములోని సవరింపుల వరుసను పెద్ద అక్షరములతో వ్రాయించి యంత్రపు గోడకు అంటింపవలెను.

ఈ నెల సంఘ సమావేశమునకు వచ్చునపుడు, మీ యూరి కార్ఖానాలో మోటారునకు ఎట్టి స్టార్టరు ఉన్నదో చూచి రండు. ఆటో స్టార్టరైనచో ఆ దినమే తీయింపుడు. మేము ఆనాడు చూచియు ఊరకుంటిమి, మీరు ఊరకుండవలదు.