ట్రాక్టరు బ్రేకు లోపాలు – ఇంజను, క్లచ్, స్టీరింగు లోపాలుగా పొరబడే సందర్భాలు

గోదావరి డెల్టాలో తూర్పు, మధ్య, పశ్చిమ విభాగాలు కలిపి సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు ఉన్నది. సార్వా నాట్లకు ముందు కొద్ది వారాలలోనే ఇందులో అధిక భాగం దమ్ము చేయవలసి ఉంటుంది. ఆ రోజులలో ట్రాక్టరు పగలూ రాత్రీ బురదలోనే తిరుగుతుంది. దమ్ము పని ముగియగానే దమ్ము చక్రాలు విప్పి, ట్రక్కు తగిలించి, అదే ట్రాక్టరును కాల్వగట్టు మీదికి ఎక్కిస్తారు. చేలో బ్రేకును ప్రధానంగా మలుపు తిప్పడానికే వాడతారు కనుక అక్కడ ఏర్పడిన లోపం అక్కడ బయటపడదు. గట్టు ఎక్కిన తరువాత బయటపడుతుంది. అప్పుడు కూడా చాలా సందర్భాలలో అది బ్రేకు లోపంగా కనిపించదు; ఇంజను బలహీనతగానో, క్లచ్ అరుగుదలగానో, స్టీరింగు లోపంగానో కనిపిస్తుంది.

2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల సమీపంలోను, అదే సంవత్సరం జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ సమీపంలోను కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్లు కాల్వలలో పడి పలువురు, ముఖ్యంగా మహిళా కూలీలు, మరణించారు. ఆ ప్రమాదాలకు బ్రేకులే కారణమని ఇక్కడ చెప్పడం లేదు. కాల్వ పక్క దారిలో వాహనం ఒక మూర పక్కకు జరిగినా ఏమి జరుగుతుందో అవి చూపాయి. మన డెల్టాలో పొలానికి వెళ్లే దారులలో ఎన్నో ఇటువంటి గట్లే.

ఈ విషయం వ్యవసాయ ఇంజనీర్లు వ్రాయవలసినది కదా అని పాఠకులకు సందేహం కలుగవచ్చు. అయితే రైతు వద్దకు ముందుగా వెళ్లేది విస్తరణ శాస్త్రవేత్త. లక్షణాన్ని చూసి కారణాన్ని వేరుచేయడం ఆయనకు కొత్త కాదు. నాటిన రెండు నుంచి నాలుగు వారాలలో వరి ఆకులపై వచ్చే తుప్పు రంగు మచ్చలను తెగులుగా భావించి రైతు శిలీంధ్రనాశిని పిచికారీ చేస్తాడు; జింకు లోపం అలాగే ఉండిపోతుంది. ట్రాక్టరు విషయంలోనూ జరుగుతున్నది ఇదే. నాజిల్ మార్చడం, క్లచ్ ప్లేటు మార్చడం వంటి ఖర్చులన్నీ అయిన తరువాత కూడా బ్రేకు పట్టుకొనే ఉంటుంది.

ముందుగా నిర్మాణం గురించి ఒక మాట. సాధారణ ట్రాక్టరులో బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. కుడి చక్రానికి ఒక పెడలు, ఎడమ చక్రానికి ఒక పెడలు. రోడ్డుపై రెండింటినీ లాకు పట్టీతో కలపాలి. అనేక మోడళ్లలో బ్రేకు డిస్కులు చక్రం వద్ద ఉండవు. డిఫరెన్షియల్ పెట్టెకు ఇరుపక్కల గాని, ఇరుసు గొట్టం మొదట గాని ఉంటాయి. కారుకు అలవాటుపడినవారు చక్రం మధ్యభాగం వద్ద చేయి పెట్టి "చల్లగానే ఉంది, బ్రేకు బాగానే ఉంది" అని తేల్చడం ఇందువల్లనే పొరపాటు.

అన్నింటిలోను ఎక్కువగా పొరబడేది బ్రేకు వదలకుండా పట్టి ఉండటం. డ్రైవరు చెప్పే మాట "బండి లాగడం లేదు" అని మాత్రమే. నిన్నటి వరకు నాలుగో గేరులో వెళ్లిన బరువు నేడు మూడో గేరు అడుగుతుంది, పొగ వస్తుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది. మెకానిక్ సహజంగానే ఫిల్టర్లు, నాజిళ్లు చూస్తాడు. డెల్టా నల్లరేగడిలో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉన్నది. దమ్ములో పెడళ్ల కింది ఇరుసు చుట్టూ చేరిన బంకమట్టి రెండు రోజుల ఎండకు ఇటుకలా గట్టిపడుతుంది. పెడలు పైకి వచ్చినట్లే కనిపించినా పూర్తిగా రాదు. తిరిగి లాగే స్ప్రింగు సాగిపోయి ఉంటే ఇక చెప్పనవసరం లేదు. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక క్షేత్రంలో ట్రాక్టరుకు క్లచ్ ప్లేటు మార్పించి, ఫలితం లేక నాజిళ్లు కూడా విప్పించాము. చివరకు దానిని కడిగిన కుర్రవాడు పార్కింగ్ బ్రేకు కొక్కెం సగం తగిలి ఉన్నదని, దాని చుట్టూ మట్టి బిగిసి ఉన్నదని చూపించాడు. ఆ బిల్లుపై సంతకం చేసినది నేనే కనుక ఈ విషయం మరచిపోలేదు.

క్లచ్ జారడానికీ, బ్రేకు పట్టి ఉండటానికీ భేదం తెలుసుకోవడం కష్టం కాదు. బరువు పడినప్పుడు ఇంజను వేగం పెరిగి బండి ముందుకు కదలకపోతే క్లచ్ జారుతున్నది. ఇంజను వేగమే పడిపోతుంటే బరువు ఎక్కువై ఉండాలి, ఇంజనుకు శక్తి తగ్గి ఉండాలి, లేదా బ్రేకు పట్టి ఉండాలి. ఈ మూడింటిని వేరుచేయడానికి ట్రక్కు విప్పి, సమతల రోడ్డుపై నెమ్మదిగా నడుపుతూ క్లచ్ నొక్కి గేరు న్యూట్రల్‌కు తేవాలి. బ్రేకు పట్టి ఉన్న ట్రాక్టరు కొద్ది దూరంలోనే ఎవరో వెనక్కు లాగినట్లు ఆగిపోతుంది. ఇంజను లోపం మాత్రమే ఉంటే స్వేచ్ఛగా దొర్లుతుంది. ఈ పరీక్షను ఖాళీ రోడ్డుపై మాత్రమే చేయాలి, వాలులో ఎన్నడూ చేయరాదు. తరువాత బ్రేకు పెట్టెలపై నీటి చుక్కలు చల్లి చూడాలి. ఒకవైపు చుక్కలు వెంటనే ఆవిరై, రెండోవైపు నిలిచి ఉంటే సందేహం అక్కరలేదు. ఇంకా నిర్ధారణ కావాలంటే ముందు చక్రాలకు దుంగలు అడ్డుపెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక్కొక్క వెనుక చక్రాన్ని జాకీతో లేపి, కింద గట్టి ఆధారం పెట్టి, చేతితో త్రిప్పి రెండు వైపుల బిగువును పోల్చవచ్చు.

బండి పక్కకు లాగడం రెండవది. దమ్ములో డ్రైవరు అలవాటుగా ఒకే వైపు ఎక్కువసార్లు తిరుగుతాడు. ఆ వైపు బ్రేకు లైనింగు రెండోదానికంటే ముందుగా అరుగుతుంది. రోడ్డుపై రెండు పెడళ్లు కలిపి నొక్కినప్పుడు అరగని వైపు ముందుగా పట్టుకొని ట్రాక్టరు అటు తిరుగుతుంది. దీనిని స్టీరింగు బాక్సు లోపమని, టైరులో గాలి తగ్గిందని అనుకుంటారు. పెడలు నొక్కినప్పుడు మాత్రమే లాగితే అది బ్రేకు. ఎల్లప్పుడూ లాగుతుంటే ముందుగా టైర్ల గాలి, ముందు చక్రాల అమరిక చూడాలి. అవి సరిగా ఉంటే ఒకవైపు బ్రేకు పట్టి ఉన్నదేమో చూడాలి. సర్దుబాటు చేసేటప్పుడు రెండు పెడళ్ల ఆట సమానంగా, తయారీదారు చేతిపుస్తకంలోని కొలత ప్రకారం ఉండాలి. అందాజుగా బిగించిన బ్రేకే మరుసటి వారం "బండి లాగడం లేదు" అన్న ఫిర్యాదుగా తిరిగి వస్తుంది.

శబ్దం విషయంలో నష్టం ఎక్కువ. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు గల ట్రాక్టర్లలో చాలావాటికి గేర్లకు, హైడ్రాలిక్‌కు, బ్రేకులకు ఆయిల్ ఒకటే. తగని ఆయిల్ పోసినా, పాతబడినా, అందులో నీరు చేరినా బ్రేకు నొక్కినప్పుడు మూలుగు వంటి శబ్దం, అదురు వస్తాయి. శబ్దం వెనుక పెట్టెలోనుంచి వస్తుంది కనుక క్రౌన్, పినియన్ పోయాయని పెట్టె విప్పుతారు. పెడలు నొక్కితే మొదలై వదిలితే ఆగే శబ్దం బ్రేకుది. బరువు లాగినప్పుడు, మలుపు తిరిగినప్పుడు మారే శబ్దం డిఫరెన్షియల్‌ది. పెట్టె విప్పడానికి ముందు కొలకడ్డీ తీసి ఆయిల్ చూడాలి. పాలవలె తెల్లబడి ఉంటే నీరు చేరినట్లే.

పొడి డిస్కు బ్రేకులలో పరిస్థితి వేరు. రబ్బరు తొడుగులు చిరిగితే బురదనీరు లోనికి పోతుంది. చేలోనుంచి రాగానే బ్రేకు పట్టదు. మెకానిక్ వద్దకు చేరేసరికి ఆరిపోయి బాగానే పడుతుంది. డ్రైవరుదే తప్పని యజమాని మందలిస్తాడు. ఇరుసు ఆయిల్ సీలు కారి లైనింగుపై నూనె చేరితే మాత్రం ఆరడం ఉండదు. చక్రం లోపలి వైపు నూనె చారలు కనిపిస్తే బ్రేకు బిగించి ప్రయోజనం లేదు. సీలుతోపాటు నూనె తాగిన లైనింగు కూడా మార్చాలి.

ఇక బ్రేకు లోపం కాకపోయినా బ్రేకు లోపమని చెప్పబడేది ట్రక్కు బరువు. ఇక్కడ ధాన్యం బస్తా 75 కిలోలు. 100 బస్తాలంటే 7.5 టన్నులు. లాగే ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. ట్రక్కుకు సొంత బ్రేకు లేనప్పుడు వంతెన దిగువాలులో ఆ బరువంతా ట్రాక్టరును వెనుకనుంచి నెడుతుంది. వేగం రెండింతలైతే ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుంది. ఇటువంటి చోట బ్రేకు ఎంత బిగించినా చాలదు. రెండు వైపులా అసమానంగా ఉన్నదైతే ట్రాక్టరు, ట్రక్కు కత్తెరలా మడతపడతాయి. వాలు మొదలు కాకముందే చిన్న గేరులోకి రావాలి. డీజిల్ ఆదా అని న్యూట్రల్‌లో దిగే అలవాటును శిక్షణలో గట్టిగా ఖండించాలి.

శిక్షణ కార్యక్రమాలలో ఈ విషయాలను ఉపన్యాసంగా చెప్పడం కంటే దమ్ములు ముగిసిన వారంలో, యంత్ర పరికరాల అద్దె కేంద్రం వద్దనే ఒక పరీక్ష చేసి చూపడం మేలు. పెడళ్ల చుట్టూ మట్టి కడిగించి, లాకు పట్టీ వేయించి, ట్రక్కు లేకుండా గట్టి, పొడి కళ్లంలో ట్రాక్టరును నడక వేగం కంటే కొంచెం ఎక్కువగా నడిపించి ఒక్కసారిగా బ్రేకు వేయించాలి. వెనుక చక్రాలు రెండూ నేలపై వదిలిన గీతలను డ్రైవరు చేతనే టేపుతో కొలిపించాలి. ఒకటి స్పష్టంగా పొట్టిగా ఉంటే సరిచేసేవరకు ఆ ట్రాక్టరుకు ట్రక్కు తగిలించనివ్వకూడదు.