ఎయిర్ షో చూసొచ్చి అకాడమీకి అడ్వాన్సు కట్టకండి

ఎక్కడైనా ఎయిర్ షో జరిగిందంటే, ఆ తర్వాతి వారం రోజులూ తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒక్కటే. ‘మావాడు పైలట్ అవుతానంటున్నాడు, ఏ అకాడమీలో చేర్పించమంటారు?’ అని. పిల్లాడు ఏ క్లాసు అంటే ఏడో, ఎనిమిదో అని జవాబు వస్తుంది. 2024 అక్టోబరు 6, ఆదివారం చెన్నై మెరీనా తీరంలో వాయుసేన ప్రదర్శన జరిగినప్పుడు అడిగారు. డిసెంబరు 8న, అదీ ఆదివారమే, హుస్సేన్‌సాగర్ మీద వాయుసేన విన్యాసాల బృందం సూర్యకిరణ్ తొమ్మిది విమానాలతో విన్యాసాలు చేసినప్పుడూ అడిగారు. పిల్లలు మురిసిపోవడం చాలా మంచి విషయం. రెక్కకూ రెక్కకూ మధ్య ఐదు మీటర్ల దూరం కూడా లేకుండా జెట్ విమానాలు నెత్తిమీదుగా దూసుకెళ్తుంటే మనసు పొంగని పిల్లలు ఉండరు. నా ఆందోళనంతా పెద్దల గురించే. పిల్లల కళ్లల్లో మెరుపు చూసి, వారం తిరక్కుండానే దాన్ని ఫీజు రసీదుగా మార్చేస్తున్నారు.

‘డబ్బు పెట్టగలిగితే పైలట్ అయిపోవచ్చు’ అన్న అపోహ చాలా ఇళ్లలో పాతుకుపోయింది. మీ పిల్లలు ఆకాశంలో చూసిన రఫేల్, సుఖోయ్, తేజస్, సారంగ్ బృందం హెలికాప్టర్లు, వీటిలో ఏ ఒక్కదాని కాక్‌పిట్‌లోకీ డబ్బుతో వెళ్లే దారి లేదు. వాయుసేన పైలట్ శిక్షణకు మీరు రూపాయి కట్టక్కర్లేదు. ఖర్చంతా ప్రభుత్వానిదే. పైగా వాయుసేన అకాడమీ ఉన్నది మన దుండిగల్‌లో. సూర్యకిరణ్ స్థావరం బీదర్, జహీరాబాద్ దాటితే వచ్చేస్తుంది. డబ్బు పోసి తెచ్చుకోగలిగేది కమర్షియల్ పైలట్ లైసెన్సు. దానితో ప్రయాణికుల విమానం నడపొచ్చు, ఆకాశంలో పల్టీలు కొట్టలేరు. రెండూ గౌరవమైన ఉద్యోగాలే, కానీ రెండూ వేర్వేరు జీవితాలు. పిల్లలు ఒకటి చూసి మనసు పారేసుకుంటే, పెద్దలు ఇంకొకదానికి అప్పు చేస్తున్నారు.

వాయుసేన అర్హతల సంగతి ఒక్క మాటలో: ఇంటర్ తర్వాత చేరే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ)కు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర, డిగ్రీ తర్వాత రాసే వాయుసేన ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్‌లో ఫ్లయింగ్ బ్రాంచికి ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్, 60 శాతంతో డిగ్రీ, వయసు 20 నుంచి 24. ఆడపిల్లలకు 2022 నుంచి ఎన్‌డీఏలోనూ ప్రవేశం ఉంది.

ఇక కమర్షియల్ పైలట్ లైసెన్సు ఖర్చు. 200 గంటలు విమానం నడపాలి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు పాసవ్వాలి. దీనికే అర కోటి అటూ ఇటూ అవుతుంది. అక్కడితో అయిపోయిందనుకుంటారు. ఎయిర్‌బస్ ఏ320 లాంటి ఫలానా విమానం నడపాలంటే టైప్ రేటింగ్ విడిగా చేయాలి, అది మరికొన్ని లక్షలు. ఎయిర్‌లైన్లు నడిపే క్యాడెట్ పైలట్ కార్యక్రమాల్లో చేరితే మొత్తం కోటి దాటేవీ ఉన్నాయి. చేరిన స్కూల్లో విమానాలు చాలకపోయినా, శిక్షకులు మానేసినా, వానాకాలం సాగినా 200 గంటలు పూర్తయ్యేసరికి అనుకున్నదానికి రెట్టింపు కాలం పట్టొచ్చు. ఆ కాలమంతా హాస్టల్ ఖర్చు మీది, బ్యాంకు వడ్డీ మీది. లైసెన్సు చేతికొచ్చాక ఎయిర్‌లైన్ పిలిచేదాకా ఎంతకాలం ఆగాలో ఎవరూ చెప్పలేరు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయాయి. అలాంటి ప్రతిసారీ వేల గంటల అనుభవం ఉన్న పైలట్లు ఉద్యోగాల కోసం బయటికొచ్చారు. అప్పుడు కొత్త లైసెన్సుదారుడి పరిస్థితి ఏమిటో ఆలోచించండి. ఊళ్లో ఉన్న రెండెకరాలూ అమ్మి, లేదా ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టి ఈ దారిలోకి దిగొద్దని నేను ఖండితంగా చెబుతాను. కొడుకో కూతురో ఇరవై ఏళ్లకే ఇంటి అప్పు నెత్తిన పెట్టుకుని కాక్‌పిట్‌లో కూర్చోవడం వాళ్లకు మంచిది కాదు.

అయినా ఈ దారే కావాలంటే, ఆర్థికంగా తట్టుకోగలిగితే, రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లోని ప్రభుత్వ సంస్థ ఇగ్రువా ప్రవేశ పరీక్ష ముందు రాయించండి. ప్రైవేటు స్కూలైతే బ్రోషర్ పక్కన పెట్టి, గత ఏడాది చేరినవాళ్లతో మాట్లాడండి. నెలకు ఎన్ని గంటలు ఎగిరారో వాళ్లే చెప్తారు. 2025లో డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకింగ్ ఇవ్వడం మొదలుపెట్టింది, అదీ చూడండి. మొత్తం ఫీజు ముందే కట్టమన్నచోట చేరొద్దు.

కోచింగ్ ఉచ్చు ఇంకా చిన్న వయసులోనే మొదలవుతోంది. కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లు మంచి సంస్థలు. కానీ ఆరో తరగతి సీటు కోసం తొమ్మిదేళ్ల పిల్లల్ని అమ్మానాన్నలకు దూరంగా కోచింగ్ హాస్టళ్లలో పడేసి, తెల్లవారుజామున నాలుగింటికి లేపి బిట్లు బట్టీ పట్టించడం చూస్తే నాకు కోపం వస్తుంది. సీటు రాకపోతే ఆ పసివాడు తాను పనికిరానని నమ్మేస్తాడు. ‘ఎన్‌డీఏ ఫౌండేషన్’ పేరుతో ఏడో తరగతి నుంచి లక్షలు వసూలు చేసే చోట్లకూ వెళ్లొద్దు. ఎన్‌డీఏ రాతపరీక్షకు ఇంటర్ ఎంపీసీ శ్రద్ధగా చదవడం, రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్ చదవడం, పాత ప్రశ్నపత్రాలు చేయడం సరిపోతాయి. ఆ తర్వాత వచ్చే ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ ఎంపిక పరీక్షల్లో చూసేది పిల్లల స్వభావాన్ని. నలుగురితో కలిసి పని చేయగలరా, మాట మీద నిలబడతారా అన్నది అక్కడ తేలుతుంది. పదేళ్లు గదిలో బంధించి బట్టీ పట్టించిన పిల్లలు తడబడేదీ అక్కడే.

వాయుసేనలో పైలట్ కావాలనుకునేవాళ్లకు కంప్యూటర్ మీద ఒక ప్రత్యేక పరీక్ష ఉంటుంది. అది జీవితంలో ఒక్కసారే. తప్పితే మళ్లీ రాయనివ్వరు. శరీర కొలతలూ అంతే. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు, కాలి పొడవు కనీసం 99 సెంటీమీటర్లు ఉండాలి. రంగులు సరిగా గుర్తుపట్టలేని కన్నుంటే ఫ్లయింగ్ బ్రాంచి లేదు. ఏ కోచింగ్ సెంటరూ కాలి పొడవు పెంచలేదు. ఇంత చిన్న విషయం తెలుసుకోకుండా నాలుగేళ్ల ఫీజు కట్టిన కుటుంబాలు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి.

తల్లిదండ్రులు ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2010 మార్చిలో మన బేగంపేటలోనే విన్యాసాలు చేస్తూ నౌకాదళ విమానం కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. 2019లో బెంగళూరు ఏరో ఇండియా రిహార్సల్‌లో రెండు సూర్యకిరణ్ విమానాలు ఢీకొని ఒక వింగ్ కమాండర్ ప్రాణం పోయింది. 2025 నవంబరులో దుబాయ్ ప్రదర్శనలో తేజస్ కూలి మరో వింగ్ కమాండర్‌ను కోల్పోయాం. పిల్లల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. తెలిసి, తామే కోరుకుని వెళ్లాల్సిన వృత్తి ఇది. బంధువుల ముందు గొప్ప చెప్పుకోవడానికి పిల్లల్ని తోసే చోటు కాదు.

చెన్నైలో ఎగిరినవాటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది రఫేల్ కాదు, పాతకాలపు డకోటా. 1947 అక్టోబరు 27న మన సైనికుల్ని శ్రీనగర్ చేర్చింది డకోటాలే. వాయుసేన దగ్గర ఇప్పుడున్న ‘పరశురామ’ తుక్కుగా పోవాల్సిన విమానం. దాన్ని బ్రిటన్‌లో బాగుచేయించి 2018లో వాయుసేనకు అప్పగించారు. ఎనభై ఏళ్ల నాటి విమానం ఇవాళ్టికీ గాల్లోకి లేస్తోందంటే దాని వెనక ఉన్నది సాంకేతిక నిపుణుల చేతులు. ఆకాశంలో ఒక్క పైలట్ కనిపిస్తే నేల మీద అతని కోసం ఎందరో పనిచేస్తుంటారు. ఉద్యోగాలు ఎక్కువ ఉన్నది అక్కడే. మన తెలుగువాళ్లు తక్కువగా అడిగేదీ దాని గురించే.

నేను ఎక్కువమందికి చెప్పేది ఈ దారులే. బీఎస్సీలో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివినా, ఇంజినీరింగ్ చేసినా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ పరీక్ష రాయొచ్చు. వయసు 27 దాటకూడదు. కేంద్ర ప్రభుత్వ రంగ ఉద్యోగం, మంచి జీతం, లక్షల ఫీజు లేదు. దీనిమీద అంత మోజు ఎందుకు లేదో నాకు అర్థం కాదు. ఇంటర్ ఎంపీసీ తర్వాత విమాన నిర్వహణ ఇంజినీరు, అంటే ఏఎంఈ చేయొచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త: కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్‌తో ఏమీ కాదు, డీజీసీఏ మాడ్యూళ్లు పాసై లైసెన్సు తెచ్చుకుంటేనే విలువ. కాలేజీకి డీజీసీఏ ఆమోదం ఉందో లేదో చేరకముందే చూసుకోవాలి. ఐటీఐ, డిప్లొమా చేసినవాళ్లకు శంషాబాద్‌లో విమానాల మరమ్మతు కేంద్రం ఉంది, ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. బీటెక్ ఏరోనాటికల్ చదివితే పైలట్ అవుతారనుకుని చేర్పించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ డిగ్రీ విమానం రూపకల్పన నేర్పుతుంది, నడపడం నేర్పదు.

డిగ్రీలో ఉన్న పిల్లలకు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ దొరికితే వదలొద్దు. ‘సి’ సర్టిఫికెట్ ఉంటే రాతపరీక్ష లేకుండానే ఎస్‌ఎస్‌బీకి పిలిచే ప్రత్యేక ప్రవేశం ఉంది.

ఎనిమిదో తరగతి పిల్లలున్న ఇంట్లో ఇప్పుడు చేయాల్సింది కంటి డాక్టరు దగ్గర రంగుల పరీక్ష ఒక్కటే. పదహారు నిండి ఆసక్తి అలాగే ఉంటే, డీజీసీఏ గుర్తించిన వైద్యుల దగ్గర క్లాస్ 2 వైద్య పరీక్ష చేయించండి. కొన్ని వేలతో పోతుంది. ఆ రిపోర్టు చేతికొచ్చేదాకా ఏ అకాడమీకీ అడ్వాన్సు కట్టకండి, ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టకండి.