తన వెలుగునే చూసి తికమకపడే దీపం

చీకటి పడగానే దానంతటదే వెలిగే చిన్న దీపాన్ని తయారుచేయడం తేలిక. ఒక బీసీ547 ట్రాన్సిస్టర్, ఒక ఎల్‌డీఆర్, తెల్లని ఎల్‌ఈడీ, రెండు నిరోధకాలు, 9 వోల్టుల బ్యాటరీ ఉంటే చాలు. అయితే ఒక్కోసారి గదిని పూర్తిగా చీకటి చేసినా ఎల్‌ఈడీ మసకగానే వెలుగుతుంది. ట్రాన్సిస్టర్ పాడైందనుకుని మారుస్తాం. కొత్తదీ అంతే! మరి లోపం ఎక్కడుంది?

ముందుగా సర్క్యూట్ చూద్దాం. బ్యాటరీ ధన ధ్రువం నుంచి 47 కిలోఓమ్‌ల నిరోధకం బేస్‌కు వస్తుంది. బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య ఎల్‌డీఆర్ ఉంటుంది. ఎమిటర్ రుణ ధ్రువానికి కలుస్తుంది. ఎల్‌ఈడీ, 1 కిలోఓమ్ నిరోధకం కలెక్టర్ వైపు ఉంటాయి.

కాంతి పడితే ఎల్‌డీఆర్ నిరోధం తగ్గుతుంది. అది 2 కిలోఓమ్‌లకు దిగితే బేస్ దగ్గర సుమారు 0.37 వోల్టులే ఉంటాయి. ట్రాన్సిస్టర్ పనిచేయాలంటే 0.6 నుంచి 0.7 వోల్టులు కావాలి. కాబట్టి ఎల్‌ఈడీ వెలగదు. చీకట్లో ఎల్‌డీఆర్ నిరోధం బాగా పెరిగి, కరెంటు బేస్‌లోకి వెళుతుంది. ఎల్‌ఈడీ వెలుగుతుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఎల్‌ఈడీ పక్కనే ఉంటే దాని వెలుగు ఎల్‌డీఆర్ మీద పడుతుంది. అప్పుడు నిరోధం తగ్గి, బేస్ కరెంటు తగ్గి, ఎల్‌ఈడీ మసకబారుతుంది. మరీ మసకబారితే నిరోధం మళ్లీ పెరుగుతుంది. చివరికి రెండూ మధ్యలో ఒకచోట కుదురుకుంటాయి. ట్రాన్సిస్టర్ సగమే తెరుచుకుంటుంది.

దీన్ని మల్టీమీటర్‌తో పట్టుకోవచ్చు. కలెక్టర్, ఎమిటర్‌ల మధ్య వోల్టేజీ కొలవండి. ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుంటే 0.2 వోల్టుల దగ్గర ఉంటుంది. అంతకంటే బాగా ఎక్కువగా ఉంటే సగంలో ఆగినట్టే.

ఇప్పుడు ఎల్‌ఈడీకీ ఎల్‌డీఆర్‌కూ మధ్య నల్ల కాగితం అడ్డుపెట్టండి. వెంటనే కాంతి పెరిగితే కారణం దొరికినట్టే. ఎల్‌డీఆర్ చుట్టూ నల్ల కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఎల్‌ఈడీకి దూరంగా తిప్పితే సరిపోతుంది. మార్పు లేకపోతే ట్రాన్సిస్టర్ కాళ్లు చూడండి. కలెక్టర్, ఎమిటర్ తారుమారైతే వర్ధనం బాగా తగ్గి, అప్పుడూ దీపం మసకగానే వెలుగుతుంది.

ఎల్‌ఈడీకి బదులు రిలేతో పెద్ద బల్బు పెడితే ఇదే పొరపాటు మరోలా కనిపిస్తుంది. బల్బు వెలగగానే సెన్సర్ తెల్లవారిందనుకుని ఆర్పేస్తుంది. ఆరగానే మళ్లీ వెలిగిస్తుంది.

సెన్సర్‌కు సూర్యకాంతి, దీపకాంతి అన్న తేడా తెలియదు. తన మీద పడిన వెలుగునే అది చెబుతుంది. అందుకే భాగాన్ని మార్చే ముందు, ఆ సెన్సర్ నిజంగా దేన్ని చూస్తోందో గమనించండి.